రోము వీరుడికి అరువిచ్చిన గొంతు

అచ్యుతరావు గారు ‘లేదు’ అంటే ఇక లేనట్టే. పంజాగుట్టలో ఆయనను ఎరిగినవారందరికీ ఈ సంగతి తెలుసు. పాతబడిన ఒక దుకాణాల సముదాయంలో, రెండవ అంతస్తులో, మెట్రో రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగా వణికే చిన్న గదిలో కూర్చుని, ఆయన పెళ్లిళ్ల నాటి వీడియో క్యాసెట్లను పెన్‌డ్రైవులలోకి ఎక్కించి ఇస్తుంటారు. బూజు పట్టిన టేపును విప్పి, మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ చుట్టి, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూస్తేగాని ఏ మాటా చెప్పరు. “తలంబ్రాల దాకా ఉందమ్మా, అప్పగింతలు చెరిగిపోయాయి” అని ఆయన తేల్చిన తరువాత మరొక దుకాణం గడప తొక్కినవారు లేరు. ఇన్నేళ్ల బతుకులో ఆయన సంపాదించుకున్న ఆస్తి ఏదైనా ఉందంటే, అది ఆ మాట మీద జనానికి గల గురి. ఆ గురే ఒక ఇంటికి శాపమైంది.

వృత్తి పెళ్లి క్యాసెట్లే అయినా ఆయన ప్రాణం ఉన్న చోటు వేరు. గదిలో వెనుక గోడకు ఆనించి ఒక ఇనుప బీరువా ఉంది. దాని నిండా ఇటలీ దేశపు కండలవీరుల చిత్రాలు. ఎప్పుడో ఆయన పసితనంలో, అక్కడి నిర్మాతలు చేతిలో దమ్మిడీ లేకపోయినా గుండె నిబ్బరంతో తీసి పారేసిన సినిమాలు. ఒళ్లంతా నూనె పూసుకున్న బలశాలి, కొరడా పట్టిన దుష్టరాణి, గొలుసులతో కట్టివేసిన పల్లెజనం, చివరకు రెండు చేతులతో స్తంభాలను తోసి కోటను కూల్చే వీరుడు. కథ ఎప్పుడూ ఇంతే. కోట అట్టది, కొండరాయి బెండుది. వీరుడు విసిరిన బండ శత్రువు నెత్తిన పడి బంతిలా ఎగిరేది. ఒక చిత్రంలో గుడి అయినదే, రంగు మార్చుకుని, మరొక చిత్రంలో చెరసాల అయ్యేది. సైనికుడి మణికట్టు మీద గడియారం తీసిన తెల్లని మచ్చ స్పష్టంగా కనిపించేది. జానపద చిత్రాలు చూసి పెరిగిన అచ్యుతరావు గారికి ఇవి పరాయి దేశపువని ఎన్నడూ తోచలేదు. లేమిని దాచుకోవడానికి వాళ్లు పడిన పాట్లు చూస్తే ఆయనకు నవ్వుతోపాటు ఒక విధమైన వాత్సల్యం కూడా కలిగేది.

భార్య వరలక్ష్మి గారికి మాత్రం ఆ వాత్సల్యం అంటలేదు.

“ఏంటండీ, మళ్లీ ఆ గోచీల వాళ్లేనా?” అనేవారు ఆవిడ. “వాళ్ల ఒంటికి పూసిన నూనె మన వంటింట్లో పోసుంటే ఏడాది పచ్చళ్లకి సరిపోయేది.”

ఈ చిత్రాలు ఆయన చేతికి వచ్చినది అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపిన రోజుల్లో. ఇప్పుడు కంప్యూటరు కోర్సుల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న ఆ సందులోనే, అప్పట్లో, రేపల్లె నుంచి కొత్తగా వచ్చిన యువకుడిగా ఆయన క్యాసెట్లు అద్దెకిచ్చేవారు. సింగపూరు నుంచి ఎవరో తెచ్చిన పెట్టెలో ఈ కండలవీరులు ఇంగ్లీషు మాటలతో దొరికారు. ఎస్.ఆర్. నగర్ గదుల్లో ఉండే కుర్రాళ్లు అట్ట మీద బొమ్మ చూసి ఉత్సాహంగా పట్టుకుపోయేవారు. మాట అర్థంకాక మొహం వేలాడదీసుకుని తిరిగి తెచ్చేవారు. అప్పుడు ఆయనకు ఒక ఊహ పుట్టింది. ఇటలీ పెదవులకు ఇంగ్లీషు గొంతు అతికినప్పుడు, తెలుగు గొంతు మాత్రం ఎందుకు అతకదు?

ఆ గొంతు కృష్ణానగర్‌లో దొరికింది. మనిషి పేరు నర్సింహులు. సినిమాల్లో రాజు వెనుక బల్లెం పట్టుకుని నిలబడే జూనియర్ ఆర్టిస్టు. ముఖం గుంపులో కలిసిపోయేదే కాని, గొంతు అలాంటిది కాదు. గుమ్మటం కింద మోగించిన గంట. తెర మీద ఒక్క మాటైనా పలికే భాగ్యం కలగని ఆ మనిషి, లైబ్రరీ వెనుక గదిలో, చప్పుడు చేస్తుందని పంకా ఆపేసి, చెమటలు కక్కుతూ, వీరుడికీ దుష్టుడికీ ముసలి రాజుకీ తానొక్కడే గొంతయ్యాడు. మాటలు రాసేది అచ్యుతరావు గారు. పలుకుబడి విషయంలో ఆయనకు పట్టింపు జాస్తి.

“‘ఓరీ పాపాత్మా! నీకు ఆయువు మూడినది.’ ఇదీ మాట. ఏదీ, చెప్పు.”

“సార్, ‘నీకు మూడింది బే’ అంటె సరిపోదా?”

“బే ఏమిటయ్యా, బే? రోము నగరంలో బే అంటారా?”

“రోముల తెలుగు సుత మాట్లాడరు గద సార్.”

అచ్యుతరావు గారు పగలబడి నవ్వారు. కాసేపు పంకా వేయించారు. ఆపైన మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. ‘బే’ పోయింది, ‘ఓరీ పాపాత్మా’ నిలిచింది.

ఆయన అనుసరించిన పద్ధతిని ఇక్కడ కొంత వివరించాలి. వీడియో టేపులో శబ్దానికి రెండు దారులుంటాయి. ఒకటి, పంచెకు జరీ అంచులా, టేపు అంచు వెంబడి సన్నగా సాగేది. పాతకాలపు యంత్రాలన్నీ చదివేది దీనినే. రెండవది, బొమ్మతోపాటే లోపల పొదిగి ఉండేది. తరువాత వచ్చిన ఖరీదైన యంత్రాలు ముందుగా దీనిని వెతుక్కుంటాయి. ఇది దొరికితే అంచు జోలికి పోవు. అసలు చిత్రాన్ని పాడుచేయడానికి మనసొప్పక, అచ్యుతరావు గారు ఇంగ్లీషును లోపలే ఉండనిచ్చి, నర్సింహులు గొంతును అంచు మీద మాత్రమే ఎక్కించారు. ఆనాడు ఇళ్లలో ఉన్నవన్నీ పాత రకం యంత్రాలే కనుక అందరికీ తెలుగే వినిపించింది. గర్భగుడిలోని దేవుణ్ణి కదపకుండా మండపంలో హరికథ పెట్టించినట్టుందని తన ఉపాయానికి తానే మురిసిపోయేవారు.

కాలక్రమాన వీడియో లైబ్రరీలు మూతపడ్డాయి. నర్సింహులు మళ్లీ బల్లెం పట్టుకున్నాడు. లైబ్రరీలోని పాత యంత్రం మూలకు చేరి, తరువాత తుక్కులోకి పోయింది; దాని చోటికి ఖరీదైన కొత్త రకం వచ్చింది. కండలవీరులు బీరువాలో ఉండిపోయారు. ఏడాదికి ఒకసారి దుమ్ము దులపడమే కాని, వాటిని ఆడించి చూసే తీరిక ఆయనకు చిక్కలేదు.

మొన్నటి ఆషాఢంలో, రోడ్డు మీద బోనాల డప్పులు మోగుతున్న ఒక మధ్యాహ్నం, చీర కుచ్చెళ్లు వానకు తడిసిన యువతి ఒకతె మెట్లెక్కి వచ్చింది.

“అచ్యుతరావు సార్ అంటె మీరేనా? నేను నర్సింహులు బిడ్డను సార్, సుకన్యను.”

“కృష్ణానగర్ నర్సింహులా! రామ్మా, కూర్చో. ఎలా ఉన్నాడు?”

“మంచిగనే ఉన్నడు సార్. మాట ఒక్కటే పోయింది.”

గొంతులో పుండు లేచిందని, అది ప్రాణం మీదికి రాకముందే వైద్యులు స్వరపేటికను తీసివేశారని ఆమె చెప్పింది. ఆమె అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరులో ఫ్రంట్ ఆఫీసులో పనిచేస్తోంది. అక్కడ పాఠం చెప్పే ఒకాయన, మనిషి పాత గొంతు కాసింత నికరంగా దొరికితే చాలు, దానిని కంప్యూటరుకు నేర్పవచ్చునని, తరువాత ఆ మనిషి ఫోనులో ఏది టైపు చేసినా ఫోను అతని గొంతుతోనే పలుకుతుందని చెప్పాడట.

“మా కోసం కాదు సార్. నాకు, అమ్మకు అలవాటయింది, సైగ జేస్తె తెలుస్తది. మా మేనత్త కోసం.”

మేనత్త పేరు భూలక్ష్మి. తల్లి పోయిన నాటి నుంచి, ఎర్రగడ్డలో కూరగాయల గంప పెట్టుకుని, తమ్ముణ్ణి సాకి మనిషిని చేసిన అక్క. షుగరు వ్యాధికి ఆమె రెండు కళ్లూ పోయాయి. ఇప్పుడు తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది.

“ఎదురుంగ కూసున్నా ఆమెకు నాయిన లేనట్టే గద సార్. ‘తమ్ముడు నాతోని ఎందుకు మాట్లాడుతలేడు, నేనేం తప్పు జేసిన’ అని పొద్దుమాపు అదే అడుగుతది. ఆపరేషన్ అయిందని చెప్తె నమ్మదు. ‘ఎడ్లను బెదిరిచ్చే గొంతు, ఎట్ల పోతది’ అంటది. ఫోన్ల ఉండే మామూలు గొంతు పెట్టి వినిపిచ్చినం. ‘గీడెవడు, బస్టాండ్ల అనౌన్స్ జేసెటోడా?’ అని ఒక్కటే తిట్టుడు.”

అచ్యుతరావు గారికి నవ్వు, జాలి ఒక్కసారే కలిగాయి.

“మా ఇంట్ల నాయిన గొంతు యాడ సుత లేదు సార్. పెండ్లి క్యాసెట్ జూస్తె అంత బ్యాండే. తను డబ్బింగ్ చెప్పిన సినిమాలు మీ దగ్గర ఉంటయని నాయిన టైపు జేసి చూపెట్టిండు.”

“ఉన్నాయమ్మా, అన్నీ పదిలంగా ఉన్నాయి. రేపు సాయంత్రానికల్లా చూసి ఫోను చేస్తాను. మీ నాన్నను బెంగపడవద్దన్నానని చెప్పు.”

ఆమె రెండు చేతులూ జోడించి మెట్లు దిగిపోయింది. మాట ఇచ్చినప్పుడు అచ్యుతరావు గారి మనసులో ఏ మలినమూ లేదు. ఆ మరునాడే రవికాంత్ రావలసి ఉండడం, అతను రావడం కోసం తాను పెళ్లికొడుకులా ఎదురుచూస్తూ ఉండడం, చిక్కంతా అక్కడే వచ్చింది.

రవికాంత్ సాఫ్ట్‌వేర్ కొలువులో ఉన్నవాడు. పాతకాలపు చవక సినిమాల మీద వల్లమాలిన మోజు. ఎస్.ఆర్. నగర్‌లో తన ఫ్లాటులో తనలాంటివాళ్లను పోగుచేసి ఆదివారాలు సినిమాలు వేస్తుంటాడు. ఎవరి ద్వారానో ఈ బీరువా సంగతి విని, వచ్చి, తలుపు తెరిచి చూసి, బీరువాకు చేతులు జోడించాడు. “సార్, ఇది మామూలు కలెక్షన్ కాదు. మీ పేరు మీద ప్రత్యేకంగా షోలు వేస్తాను. క్యాసెట్లు నాకు ఇవ్వండి, జాగ్రత్తగా చూసుకుంటాను. ఒక్కటే, అవి ఒరిజినల్ మాటలతో ఉండాలి” అన్నాడు. గోచీల వాళ్లంటూ ఎగతాళి చేసేవారినే తప్ప, ఆ బీరువాకు ఒక నమస్కారం పెట్టినవాణ్ణి అచ్యుతరావు గారు జీవితంలో చూడలేదు. ఆ పొగడ్త ముసలి ప్రాణానికి తేనెచుక్కలా తగిలింది.

మరునాడు సాయంత్రం, రవికాంత్ వచ్చే వేళకు కాస్త ముందు, ఆయన మొదటి క్యాసెట్టును యంత్రంలో పెట్టారు. వీరుడు నోరు తెరిచాడు. ఇంగ్లీషు. రెండవది పెట్టారు. దుష్టరాణి కొరడా ఝళిపించింది. ఇంగ్లీషు. మూడవ దానిలో ముసలి రాజు గడ్డం సవరించుకుంటూ ఉండగానే మెట్ల మీద రవికాంత్ చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ క్షణాన ఏదో ఒకటి, దారం కొసలా, ఆయన జ్ఞాపకంలో తగిలింది. అంచు అనో, జరీ అనో, అలాంటిదేదో. దానిని పట్టుకుని లాగి ఉంటే పోయేది. ఇంతలో రవికాంత్ లోపలికి వచ్చి, తెరను చూసి, “అబ్బ! ఎంత క్లీన్‌గా ఉంది సార్! ఒరిజినల్ ట్రాక్ చెక్కు చెదరలేదే!” అన్నాడు. అచ్యుతరావు గారి ఛాతీ రెండంగుళాలు విచ్చుకుంది. దారం కొస జారిపోయింది.

క్యాసెట్లను సంచుల్లో సర్దుకుని అతను వెళ్లిపోయిన తరువాత ఆయన సుకన్యకు ఫోను చేశారు.

“లేదమ్మా. తెలుగు చెరిగిపోయింది. అంతా ఇంగ్లీషే ఉంది.”

“జర ఇంకొక్కసారి చూస్తరా సార్?”

“చూశానమ్మా. లేదు.”

“సరె సార్. మీరే చూసినంక ఇంగేముంటది.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు, నమ్మకమే ఉంది. అది అప్పుడు ఆయనకు హాయిగానే అనిపించింది.

రాఖీ పున్నమి వెళ్లిన వారంలో, అమీర్‌పేట మెట్రో మెట్ల కింద, పూలబండి దగ్గర సుకన్య ఎదురైంది. “ఎలా ఉందమ్మా మీ మేనత్తకు?” అని అడిగారాయన, మర్యాద కోసం.

“ఇప్పుడు అడుగుతలేదు సార్.”

“అర్థం చేసుకుందన్నమాట.”

“అట్ల కాదు సార్.” ఆమె బండి మీది బంతిపూలను చూస్తూ చెప్పింది. “నాయిన సచ్చిపోయిండనుకుంటుంది. మేమే దాస్తున్నమంటది. రాఖీ నాడు నాయిన పోయి ముందట కూసుండి చెయ్యి జాపిండు. జబ్బుల బక్కగయిండు గద, ఆమె చెయ్యి తడిమి చూసి ఇసిరి కొట్టింది. ‘ఎవన్నో తెచ్చి కూసోబెడుతరా, మా తమ్ముని చెయ్యి గిట్లుంటదా? మాట్లాడుమను, కడుత’ అన్నది. మా నాయిన అట్లనే జాపిన చెయ్యి తోని చానసేపు కూసున్నడు సార్. ఆనాటి సంది ఫోన్ ముట్టుకుంటలేడు. టైపు సుత జేస్తలేడు.”

అచ్యుతరావు గారు ఏదో ఓదార్పు మాట అన్నారు. ఆ రాత్రంతా తన వల్ల జరిగిన తప్పేమీ లేదని అనుకుంటూనే ఉన్నారు. అయితే తప్పు లేనివాడికి అలా పదేపదే అనుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ఆయనకు తోచలేదు.

కార్తీకంలో ఒక ఆదివారం ఉదయం రవికాంత్ ఇంట్లో షో ఏర్పాటయింది. ముందు వరుసలో మెత్తని కుర్చీలో అచ్యుతరావు గారిని కూర్చోబెట్టారు. మెడలో దండ వేశారు. పదిమందీ చప్పట్లు కొట్టారు. “పాత సినిమాను పాత మెషీన్లోనే చూడాలి. ఎంతో తిరిగితే దొరికింది ఇది” అంటూ రవికాంత్ ఒక ముసలి యంత్రాన్ని చూపించాడు. పైనుంచి మూత తెరుచుకునే రకం. అచ్యుతరావు గారు దానిని చూశారు. తన లైబ్రరీ నాటి రకమే అది; కుర్చీలో ముందుకు వంగారు.

తెర మీద అట్టకోట. మెట్ల పైన నూనె మెరుపులతో వీరుడు. కింద బల్లేలు పట్టిన సైన్యం. వీరుడు నోరు తెరిచాడు.

“ఓరీ పాపాత్మా! నీకు ఆయువు మూడినది!”

గది దద్దరిల్లింది. ఆ వెంటనే నవ్వులు. ఒకడు కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. “అన్నా, మళ్లీ వెయ్, మళ్లీ వెయ్!” అని ఎవరో అరిచారు. రవికాంత్ కళ్లు చెమర్చేలా నవ్వి, వచ్చి అచ్యుతరావు గారి చేతులు పట్టుకున్నాడు. “సార్, ఈ సంగతి దాచిపెట్టారేంటి! ఒరిజినల్ ఎవడికి కావాలి? ఇది బంగారం!”

ఆయనకు ఆ మాటలు దూరం నుంచి వినిపించాయి. నర్సింహులు గొంతు మాత్రం చెవి పక్కనే మోగుతోంది. జీర కూడా లేని గొంతు, గీత పడని గొంతు. పంకా ఆపిన గదిలో చెమట ఓడుస్తూ చెప్పిన ప్రతి మాటా యథాతథంగా, అంచు మీద, తాను పెట్టిన చోటనే ఉంది. తన యంత్రం మీద అంచు శబ్దాన్ని ఎంచుకునే మీట ఒకటి నొక్కి ఉంటే చాలు. మొదటి నుంచి చివరి దాకా చూడనిదే మాట చెప్పని మనిషి, ఒక్కసారి, ఒక్క పొగడ్త కోసం, చూడకుండా చెప్పాడు. అసలు తెలియకనే చెప్పాడా? జారిపోయిన దారం కొస జారిపోయిందా, తానే వదిలేశాడా? ఒరిజినల్ అని మురిసిపోతున్నవాడి ముందు అంచు మీది తెలుగును బయటపెట్టడానికి మనసొప్పలేదేమో! మెడలో బంతిపూల దండ పాములా చల్లగా తగిలింది. దానిని తీసి కుర్చీ మీద పెట్టారు.

ఇంటికి వచ్చి వరలక్ష్మి గారికి అంతా చెప్పారు. ఆవిడ గోచీల ఊసెత్తలేదు. చాలాసేపు ఆలోచించి, “పోనీ, వేరే ఊళ్లో ఎవరి దగ్గరో ఇంకో కాపీ దొరికిందని చెప్పండి. వాళ్లకు కావలసింది గొంతేగా? మీరు తలవంచుకుంటే ఆ గొంతుకు కొత్తగా వచ్చేదేముంది?” అన్నారు.

“అబద్ధం చెప్పమంటావా?”

“చెప్పనే చెప్పారుగా ఒకటి.”

మర్నాడు ఆయన రవికాంత్‌ను బతిమాలి క్యాసెట్లన్నిటినీ తెచ్చుకుని, ఆ మీట నొక్కి, ఈసారి తుదికంటా కూర్చుని, నర్సింహులు పలికిన ప్రతి ముక్కనూ ఏరి పెన్‌డ్రైవులోకి ఎక్కించారు. సుకన్యకు ఫోను చేసి, భార్య చెప్పిన మాటే చెప్పారు. వేరే ఊరు, పాత ఖాతాదారు, ఇంకొక కాపీ.

“మా కోసం గింత తిరిగినరా సార్!” ఆ పిల్ల ఫోనులోనే ఏడ్చింది. “మీరు మనిషి కాదు సార్, దేవుడు.”

తేలు కుట్టిన దొంగలా ఆయన ఫోను పెట్టేశారు. ఆ తరువాత దేవుడన్న మాట చెవిలో పడితే చాలు, గుడి మైకులోనుంచి వచ్చినా సరే, ఆయన తల పక్కకు తిరిగిపోయేది.

కోచింగ్ సెంటరు పంతులుగారు ఆ గొంతును కంప్యూటరుకు నేర్పడం పూర్తయిన రోజున సుకన్య పట్టుబట్టి ఆయనను ఇంటికి పిలిచింది. “మీరు లేకుంట మేనత్తకు వినిపియ్యం సార్” అన్నది. కృష్ణానగర్‌లో ఇరుకు మెట్లు, వరండాలో ఆరవేసిన బట్టలు. గుమ్మంలోనే నర్సింహులు భార్య చంద్రమ్మ ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. “పోయిన గొంతు పట్టుకొచ్చిన మారాజు మీరు. మా ఇంట్ల మీ ఫోటో పెట్టుకోవాలె” అన్నది. ఆయన తల దించుకుని కాళ్లు కడుక్కున్నారు.

నర్సింహులు లేచి నిలబడ్డాడు. గుర్తుపట్టడం కష్టమైంది. మెడ చుట్టూ పలుచని గుడ్డ. కోటలు కూల్చిన గొంతు ఉండవలసిన చోట చిన్న గొట్టం. అతడు నవ్వి, రెండు చేతులా అచ్యుతరావు గారి చేతిని పట్టుకుని, తన కళ్లకు అద్దుకున్నాడు. అచ్యుతరావు గారు చేయి వెనక్కు తీసుకోబోయారు, అతడు వదలలేదు.

మంచం మీద భూలక్ష్మి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. నర్సింహులు ఆమె ఎదుట స్టూలు వేసుకున్నాడు. బొటనవేళ్లతో ఫోను మీద రెండక్షరాలు కొట్టాడు. ఒక్క క్షణం ఆగి, నొక్కాడు.

“అక్కా!”

కోట బురుజు మీద నిలబడి సైన్యాన్ని పిలిచినట్టుంది ఆ పిలుపు. ఆ గొంతులో కంప్యూటరు నేర్చుకున్న వరుస అదొక్కటే. వరండాలో పావురాలు లేచిపోయాయి. ముసలామె తల గిర్రున తిరిగింది.

“ఎవరదీ?”

“నేనే అక్కా, నర్సింహులును!”

“గట్ల ఒర్లుతవేందిరా? నాకు కండ్లు పోయినయ్ గని చెవులు పోలే!”

చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. భూలక్ష్మి చేతులు గాలిలో తడుముకుంటూ వచ్చి తమ్ముడి ముఖాన్ని పట్టుకున్నాయి. చెంపలు, ముక్కు, చెవులు. “వాడే. వాని మాటనే. ఏమైందిరా గిట్ల ఎముకల గూడయినవ్? బువ్వ పెడుతలేదా నీ పెండ్లాం?”

“పెడుతున్నది అక్కా! రెండు పూటల తింటున్న!” అని ఫోను శత్రువును సవాలు చేసినట్టుగా గర్జించింది. ఈసారి అందరూ నవ్వారు. అచ్యుతరావు గారు కూడా నవ్వబోయారు.

ఉన్నట్టుండి ముసలామె చేతులు ఆగిపోయాయి.

“మరి రాఖీ నాడు ఎందుకు నోరు తెరవలేదురా? బతిమాలిన గద, ఒక్క మాట మాట్లాడుమని. చెయ్యి ఇసిరి కొడితి. సచ్చినవనుకోని ఇన్నొద్దులు నీకోసం లోపల్లోపల ఏడుస్తి. ఎందుకు మాట్లాడలేదురా?”

నర్సింహులు ఫోను వైపు చూశాడు. గొంతు కోసి తీశారంటే ఆమె నమ్మదు. ఇప్పుడు గొంతు వినిపిస్తుండగా అసలే నమ్మదు. అలకంటే ఆమెకు తెలుసు. చిన్ననాడు అన్నానికి, చొక్కాకు అతడు అలిగిన అలకలన్నీ తీర్చినది ఆమే. బొటనవేళ్లు నెమ్మదిగా కదిలాయి.

“నాదే తప్పు అక్కా. ఊకె అలిగిన. నాదే తప్పు.”

ఎంత తగ్గించినా ఆ గొంతు తగ్గలేదు. చెరసాలలో నిలబడి నేరమంతా తలకెత్తుకునే వీరుడి గొంతు అది. అలాంటి మాటలు ఎన్నో ఆ నోటికి రాసి ఇచ్చిన అచ్యుతరావు గారికి, ఈ ఒక్క మాట మాత్రం తాను చెప్పవలసినదని తెలిసింది. చెప్పకుండా లేచి వెళ్లవచ్చు. ఎవరికీ తెలియదు. దేవుడిగానే మెట్లు దిగవచ్చు. ఆయన లేవలేకపోయారు.

“తప్పు అతనిది కాదమ్మా” అన్నారు. “నాది. ఆ క్యాసెట్టు వేరే ఊళ్లో దొరకలేదు. మొదటి నుంచీ నా బీరువాలోనే ఉంది. సుకన్య వచ్చి అడిగిన రోజున సరిగా చూడకుండానే లేదన్నాను. అందువల్లనే...”

భూలక్ష్మి ఆయన ఉన్న దిక్కుకు అరచేయి ఎత్తింది.

“ఎవరో గని, జర ఆగుండ్రి సారూ. మా తమ్ముడు మాట్లాడుతుండు.”

టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడిన సుకన్య ఆయన చెప్పినదంతా విన్నది. వచ్చి, గ్లాసును ఆయన పక్కన కిటికీ గట్టు మీద పెట్టింది. తీసుకోమని అనలేదు. ముఖంలోకి చూడలేదు. వెళ్లి తండ్రి భుజం మీద చేయి వేసి నిలబడింది. నర్సింహులు ఒక్కసారి తల తిప్పి అచ్యుతరావు గారి వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆయన చదవగలిగేలోపే మళ్లీ ఫోను మీదికి వంగాడు. ముసలామె అడుగుతున్నది చాలా ఉంది, అతడు చెప్పవలసినదీ చాలా ఉంది.

అచ్యుతరావు గారు ఆగారు.